వెనక స్పీకరు

మా వీధిలో నిప్పు మావయ్య అంటే తెలియనివాడు లేడు. వృత్తికి కారు మెకానిక్కు. కుడి అరచెయ్యంతా కాలిన మచ్చ. ఆ మచ్చ చూసే అత్తయ్య ఆయన్ని చేసుకుంది.

అత్తయ్య వాళ్ళన్నయ్య రేసు కార్లు నడిపేవాడు. ఆ కారుకి మెకానిక్కు మన మావయ్యే. పెళ్ళి మాట లేని రోజుల్లోనే ఆ అన్నయ్య వేళాకోళానికి మావయ్యని “బావా” అని పిలిచేవాడట. ఓ పెద్ద రేసులో ఆ కారు పల్టీ కొట్టి, సరిగ్గా మెకానిక్కులు నిలబడే చోటే అంటుకుంది. మావయ్య మంటల్లోకి ఉరికి లాగాడు. చెయ్యి కాలింది గానీ మనిషి దక్కలేదు. అన్నయ్యని చివరిసారి పట్టుకున్న చెయ్యి కదా అని అత్తయ్య రోజూ దానికి వెన్న రాసి కళ్ళకద్దుకునేది.

మావయ్య చెప్పేకొద్దీ ఆ మంట ఏటేటా పెరిగింది. మొదట మోకాలెత్తు. నా పెళ్ళినాటికి మేడంత. ఈమధ్య పైన పోతున్న విమానం కూడా సెగకి పక్కకి తప్పుకుందట!

సాక్ష్యానికి ఓ వీడియో క్యాసెట్టు, ఆ రేసు మీద తీసిన డాక్యుమెంటరీ. అరిగి అరిగి అందులో కార్లు నానిన సబ్బుబిళ్ళల్లా, ఇంజన్ల మోత డబ్బాలో పడ్డ దోమలా ఉండేవి. మంట పక్కన ఓ మసక ఆకారం.

“అదిగో, నేనే! మొహం కనపడి చావదు, పాడు క్యాసెట్టు!” అని తిట్టేవాడు. చెప్పగా చెప్పగా అది ఆయనకే నిజమైపోయింది.

అదే సినిమా బాగుచేసి డిస్కుగా వేశారని తెలియగానే ఎగిరి గంతేశాడు. గోడంత టీవీ, చుట్టూ స్పీకర్లు కొన్నాడు. వైర్లన్నీ స్వయంగా లాగి, ఆదివారం మధ్యాహ్నం వీధిలో అందరినీ పిలిచాడు. టీ ఇస్తారని నేనూ వెళ్ళాను.

బొమ్మ చూస్తే అద్దం తుడిచినట్టుంది. టైరు మీద గీతలు లెక్కపెట్టుకోవచ్చు. కారు మోత వెనక నుంచి ముందుకి పోతుంటే పక్కింటాయన తల వంచేశాడు.

“చూశారా క్వాలిటీ!” అన్నాడు మావయ్య.

కారు పల్టీ కొట్టింది. మంట లేచింది. ఒకడు ఉరికి డ్రైవరు భుజం పట్టుకు లాగుతూ ఇటు తిరిగాడు. బట్టతల, గుబురు మీసం. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు.

కెమెరా పక్కకి జరిగింది. పేర్చిన టైర్ల వెనక, తలనిండా జుట్టుతో, టైరుని వాటేసుకుని మన మావయ్య. క్యాసెట్టులో అది ఉత్త నీడ. ఇప్పుడు గడ్డం కింద పుట్టుమచ్చతో సహా కనిపిస్తోంది.

అప్పుడు వెనక స్పీకర్లోంచి, ఇన్నాళ్ళూ గరగరలో మునిగిపోయిన గొంతు వచ్చింది.

“బావా! చెయ్యివ్వు బావా!”

టైర్ల వెనక మనిషి ఇంకాస్త కిందికి వంగాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తయ్య రిమోట్ అందుకుని బొమ్మ ఆపింది.

“మరి ఆ చెయ్యి?”

“సైలెన్సరు...”

“తగిలిందా? కావాలని పెట్టావా?”

పెళ్ళయ్యాక ఆయన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. మావయ్య ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు.

“మా నాన్న వద్దంటే, ఈ చెయ్యి చూపించే ఒప్పించాను,” అంది.

ఇంట్లోంచి పొమ్మంటుందనుకున్నాం. అనలేదు. మర్నాటి నుంచి మళ్ళీ ‘ఏమండీ’యే. వెన్న మాత్రం లేదు. ప్రతి ఆదివారం మమ్మల్నందరినీ ఆవిడే పిలుస్తుంది, టీ ఇస్తుంది. బొమ్మ ఆపి, “ఏమండీ, ఇందులో మీరెక్కడో కాస్త వేలు పెట్టి చూపించండి,” అంటుంది. ఆయన లేచి చూపిస్తాడు. “క్వాలిటీ గురించి చెప్పండి,” అంటుంది. “రంగులు బాగా వచ్చాయి,” అంటాడు. మేమూ అవునంటాం. టీ తాగుతున్నాం కదా.

మొన్న ఆదివారం, “ఏమండీ, అన్నయ్య గొంతు సన్నగా వస్తోంది, కాస్త చూడండి,” అంది.

మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కాలిన చేత్తోనే వెనక స్పీకరు వైరు బిగించాడు.

“బావా!” అంది స్పీకరు, చెవి పక్కనే.

“ఆఁ, ఇప్పుడు బాగుంది,” అని అత్తయ్య మళ్ళీ మొదట్నించీ పెట్టింది.