అప్పగింతల పాటకు కావలి

"ఊరంత ముఫత్‌ల దొరికే పాటకు మనకాడ పైసలెవడు కడ్తడు, పృథ్వీ?"

విజయకుమార్ గారు రాయచూరు గంజ్‌లో పత్తి వ్యాపారి. పెట్టుబడి పెడతానంటూ శక్తినగర్‌లోని మా ఒంటిగది ఆఫీసు మెట్లెక్కిన నాటి నుంచి ఆయనది ఇదే ప్రశ్న. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే జవాబు మా దగ్గర లేదు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల పాటలు రికార్డు చేసి, పృథ్వి, నేను 'పాటలగంప' అనే యాప్‌లో పెట్టాం. వినేవాళ్లు వేలమంది, చందా కట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. సర్వర్ల అద్దె గడువు ఆ రోజుతో సరి. ఆయన సంతకం పెట్టకపోతే సాయంత్రానికి మా గంప బోర్లా పడ్డట్టే.

అందుకే ఆయన పట్టుబట్టిన 'కావలి'ని తయారుచేశాం. మా పాట ఇంకెక్కడైనా వినబడితే ఆ ప్రోగ్రాం పసిగట్టి, వీడియోల సైటుకు ఫిర్యాదు పంపి, అక్కడి శబ్దం ఆపిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆయన ఎదుటే దాన్ని నడిపించాం. కాసేపటికే తెర మీద ఎర్రగీత వెలిగింది.

"దొరికిండు!" విజయకుమార్ గారు తొడ చరిచి కలం తీశారు.

నేను ఆ వీడియో తెరిచాను. యరగేరలో పెళ్లి, లైవ్‌లో వస్తోంది. పాడుతున్నది నాగేంద్రమ్మ అవ్వ. మా యాప్‌లో మొట్టమొదటి పాట ఆవిడదే. మనవరాలి అప్పగింతల్లో తన పాట తాను పాడుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

"పృథ్వీ, ఇడిచిపెట్టు జల్ది," అన్నాను అతని చెవిలో.

"సంతకం కానీ, అర్పితా. రెండే నిమిషాలు," అని గొణిగాడు.

అతని చెంప పగలగొట్టాలనిపించింది. కానీ మునిగేది నా కష్టం కూడా. ఒప్పంద కాగితం ఆయన ముందుకు జరిపాను.

ఇంతలో పృథ్వి ఫోను మోగింది. అవ్వే.

"యరగేర నుంచేనా? స్పీకర్ పెట్టు. దొంగలేమంటరో నేను గూడ ఇంట," అన్నారు విజయకుమార్ గారు.

"బిడ్డా పృథ్వీ," అంది అవ్వ. "నా పాట ఎవడో దొంగ ఆపిండంట. మిల్ట్రీల ఉన్న మా ఈరేష్‌కు సెలవు దొరకలే. ఫోన్ల జూస్తుండు. చెల్లెను సాగనంపే పాట ఇనవడ్త లేదని ఏడుస్తుండు. అందుకే పిల్లను బండెక్కనియ్యలే. రాహుకాలం వస్తదని మొగపెండ్లోళ్లు లొల్లి చేస్తుండ్రు. పృథ్వి దొంగను పట్టేదాంక కదిలేది లేదని చెప్పిన. నిన్ను నమ్మే గద పాటలిచ్చిన. ఇడ్వకు వాణ్ణి!"

కలం కాగితం మీదే ఆగింది. విజయకుమార్ గారు తలెత్తారు.

"ఒక్కదానికి ఇడిస్తే ఊరంతటికి ఇడ్వాలె. పెండ్లిండ్లల్ల పాడుకునేటియే గద ఇవన్ని. మరి నేనేం కొంటున్న?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అదే నాకు మరీ కడుపుమంట.

ఫోన్లో పెళ్లికూతురి వెక్కిళ్లు వినబడుతున్నాయి. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"దొంగ దొరికిండవ్వా," అన్నాడు. "నేనే."

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ మౌస్ నొక్కాడు. ఎర్రగీత ఆరిపోయింది, వీడియోలో శబ్దం తిరిగొచ్చింది. విజయకుమార్ గారు కలానికి మూతపెట్టి, జేబులో దోపుకుని, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయారు. మా యాప్‌కు ఇక సాయంత్రం దాకానే ఊపిరి.

ఫోన్లో అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు.

"నువ్వా..." అంది. "నీ సంగతి ఎనక చెప్త. ముందుగాల పిల్లను తోలాలె."

ఆగిన చోటు నుంచే పాట అందుకుంది.