మీసం లేని పెద్దయ్య

1966లో, చెరకు ఆడే రోజుల్లో, ఇద్దరు అమెరికన్ కుర్రాళ్లు బోధన్ స్టేషన్‌లో రైలు దిగారు. తెల్ల చొక్కాలు, నల్ల టైలు, చేతిలో ఒక్కో పెట్టె. గాలినిండా ఫ్యాక్టరీ నుంచి వచ్చే బెల్లం పాకం లాంటి వాసన. వాళ్లలో పొడుగ్గా, బక్కగా ఉన్నవాడి పేరు డేల్ హాన్సెన్. రెండోవాడు వెర్నన్.

ఇద్దరూ యూటా అనే రాష్ట్రం వాళ్లు, మార్మన్ మతస్థులు. ఆ మతంలో కుర్రాళ్లు ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇల్లు వదిలి, చర్చి ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి, రెండేళ్లపాటు మతం చెప్పి రావాలి. ఎక్కడికి వెళ్లినా ఇద్దరు కలిసే వెళ్లాలి. ఆ రెండేళ్లూ వాళ్లను పేరుతో కాక 'ఎల్డర్' అని పిలుస్తారు. పెద్దవాడు అని దానికి అర్థం.

వాళ్లను పిలిపించినవాడు జగ్గారావు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బోధన్ దగ్గర కాలువ కింద పొలాలు కొని చెరకు వేస్తున్న రైతు. ఒకసారి మద్రాసు రైల్లో కలిసిన అమెరికన్ మార్మన్ పెద్దమనిషితో మాటల్లో పడి, "మీవాళ్లను మా ఊరికీ పంపండి" అన్నాడు. ఆయన నిజంగానే పంపాడు. జగ్గారావు తన ఇంటి ముందుగది వాళ్లకు ఇచ్చాడు. మొదటి రోజు భోజనాలయ్యాక వెర్నన్ తమ మతగ్రంథం తెరవబోతుంటే, జగ్గారావు కుర్చీ ముందుకు లాక్కుని అడిగాడు.

"అది తర్వాత చూద్దాం బాబూ. ముందు ఇది చెప్పండి. మీ దేశంలో దుంపలోంచి పంచదార తీస్తారటగా? నిజమేనా?"

డేల్ నవ్వేశాడు. అతని తండ్రి పండించేది ఆ బీటుదుంపలే. విత్తనం నుంచి ఫ్యాక్టరీ దాకా తనకు తెలిసిందంతా, మద్రాసులో నేర్చుకున్న వచ్చీరాని తెలుగులో చెప్పాడు. జగ్గారావు భార్య చెంచులక్ష్మి తలుపు పక్కన నిలబడి, "ఆ దుంప కూర వండుకుంటారా?" అని అడిగింది. వెర్నన్ గ్రంథం మూసి పక్కన పెట్టాల్సి వచ్చింది.

వాళ్ల రోజు తెల్లవారక ముందే మొదలయ్యేది. లేచి మోకాళ్ల మీద ప్రార్థన, గ్రంథ పఠనం, చొక్కాలు ఉతుక్కోవడం, తర్వాత పొలాల గట్ల వెంట ఇల్లిల్లూ తిరగడం. ఎవరూ వాళ్లను పొమ్మనలేదు. మంచం వాల్చేవారు, చెప్పిందంతా వినేవారు, "మీ దేవుడు గూడ మంచోడే" అనేవారు. వెర్నన్ ఇచ్చిన యేసు బొమ్మను తీసుకుని, గోడ మీద తమ దేవుళ్ల పటాల పక్కన పెట్టేవారు. దీన్ని ఒప్పుకున్నట్టు లెక్కవేయాలో, కాదన్నట్టు లెక్కవేయాలో డేల్‌కు అర్థమయ్యేది కాదు.

కాలువ అవతల భీమన్న ఇల్లు ఉంది. జగ్గారావు చెరకును బండి మీద ఫ్యాక్టరీకి తోలేది అతనే. అరవై దాటాయి, గొంతులో ఎప్పుడూ దగ్గు. వీళ్లిద్దరూ మొదటిసారి వెళ్లినప్పుడు భీమన్న భార్య హన్మవ్వ చాయ్ తెచ్చింది. వెర్నన్ చేయి అడ్డం పెట్టాడు. భీమన్న మొహం మాడిపోయింది.

"మా ఇంట్ల తాగరా దొరా? మా చేతిది చెల్లదా మీకు?"

డేల్ కంగారుగా లేచాడు. "అయ్యో, అలా కాదు. మా మతంలో ఎవరమూ చాయ్ తాగం. కాఫీ, సారా, బీడీ కూడా. నాకు నీళ్లు ఇవ్వండి, తాగుతాను."

"బీడీ గూడనా?" భీమన్న కోపం మరిచిపోయాడు. "మరి పొద్దెట్ల పోతది మీకు?"

హన్మవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. కాచని నీళ్లు వద్దని వెర్నన్ ఇంగ్లీషులో గొణుగుతూనే ఉన్నాడు, డేల్ గటగటా తాగేశాడు. ఆమె అతని మొహంలోకి వంగి చూసింది.

"నిన్ను పెద్దయ్య అంటరట గదా? మూతి మీద మీసం గూడ రాలే! గిట్లాంటి పెద్దయ్యను నేనేడ సూడలే."

భీమన్న నవ్వీ నవ్వీ దగ్గాడు. ఆ రోజు నుంచి ఆ ఇల్లు డేల్‌కు అలవాటైంది. దొర అనవద్దని అతను బతిమాలితే ఆమె బిడ్డా అనడం మొదలుపెట్టింది. అవ్వ, బాపు అనడం అతనికి నేర్పింది. చెంచులక్ష్మి దగ్గర నేర్చిన మాట ఇక్కడ అంటే హన్మవ్వ నవ్వేది. ఇక్కడి మాట అక్కడ అంటే చెంచులక్ష్మి నవ్వేది.

ఒక సాయంత్రం డేల్ తమ మతం ఎలా పుట్టిందో హన్మవ్వకు చెప్పాడు. పూర్వం వాళ్ల దేశంలో ఒక పిల్లవాడికి ఏ మతం నిజమో తేలక, అడవిలోకి వెళ్లి మోకరించి దేవుణ్ణే అడిగాడనీ, దేవుడు వెలుగులో కనిపించి జవాబు చెప్పాడనీ వివరించాడు. చివర్లో, మద్రాసులో కంఠస్థం చేసిన వాక్యం చెప్పాడు. "ఇది నిజమని నాకు తెలుసు."

హన్మవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. చేయి ఆపి అడిగింది.

"ఆ పిలగానికి కనవడ్డడు, మంచిదే. మరి నీకు?"

"నాకా?"

"నాకు తెలుసంటున్నవ్ గదా బిడ్డా. ఎట్ల తెలుసు? నీతోని మాట్లాడిండా?"

ఆమె మాటలో వెక్కిరింత లేదు. ఊరికి వచ్చినవాణ్ణి దారిలో వాన పడిందా అని అడిగినట్టు అడిగింది. వెర్నన్ జవాబు అందుకోబోయాడు. డేల్ అంతకు ముందే అనేశాడు.

"లేదవ్వా. నాతో మాట్లాడలేదు. మా అమ్మకు తెలుసు. ఆమెను చూసి నేనూ తెలుసన్నాను."

"గట్ల చెప్పు మరి," అని ఆమె మళ్లీ బియ్యం ఏరుకుంది.

తిరిగి వస్తూ వెర్నన్ మండిపడ్డాడు. "ఇంత దూరం వచ్చి ఆ మాట ఎలా అన్నావు? నీకు నమ్మకం లేకపోతే వాళ్లకు ఏం ఇస్తావు?"

మర్నాడు వెర్నన్ గట్టు మీద కూర్చుని చదువుకుంటుంటే, డేల్ చెరకు తోటలోకి వెళ్లి మోకరించాడు. ఆ పిల్లవాడు అడిగినట్టే అడిగాడు. ఆకులు గలగలమన్నాయి, చీమలు కాళ్ల మీదికి ఎక్కాయి. పశువులకు చెరకు కొసలు ఏరుకుంటున్న ఒక ఆడమనిషి అతన్ని చూసి, "ఏం పోగొట్టుకున్నవ్? నేను గూడ దేవులాడుత ఆగు," అంటూ దగ్గరికి వచ్చి నేల వెతకసాగింది. ఏమీ పోలేదని ఆమెకు నచ్చజెప్పేసరికి అతనికి నవ్వూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి.

సంక్రాంతి దాటాక భీమన్న మంచం పట్టాడు. నిజామాబాద్ ఆస్పత్రిలో చూసి, ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. జబ్బు పడినవాళ్ల తల మీద నూనె రాసి, చేతులు పెట్టి దీవించడం మార్మన్లలో ఉంది. ఆ సంగతి హన్మవ్వ ఎలాగో విన్నది. స్వయంగా జగ్గారావు ఇంటికి వచ్చి అడిగింది.

"మీ నూనె మా ఆయనకు గూడ పెట్టుండ్రి."

"తప్పకుండా వస్తాం. లేచి తిరుగుతాడు," అన్నాడు వెర్నన్.

నూనె వెర్నన్ రాయాలనీ, తెలుగు బాగా వచ్చినవాడు కనుక దీవెన డేల్ చెప్పాలనీ అనుకున్నారు. దీవెనకు రాసిపెట్టిన మాటలు ఉండవు. చేతులు పెట్టినప్పుడు మనసులోకి ఏ మాట వస్తే అది చెప్పాలి.

వెర్నన్ నూనె రాశాక డేల్ చేతులు పెట్టాడు. భీమన్న తల వేడిగా ఉంది. జుట్టు కింద పుర్రె చిన్నపిల్లవాడి తలలా తెలిసింది. డేల్ కళ్లు మూసుకుని దేవుణ్ణి పిలిచాడు. 'ఈ జబ్బు నయమవుతుంది' అనే వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది. పక్కన వెర్నన్ అదే ఎదురుచూస్తున్నాడు, హన్మవ్వా అదే. అయినా అది బయటికి రాలేదు. చెప్పబోయిన ప్రతిసారీ లోపల ఎవరో మెల్లగా వద్దన్నట్టయింది. భయం కాదది. భయం అతనికి బాగా తెలుసు. చాలాసేపటికి వేరే మాట వచ్చింది, అదీ హన్మవ్వ నేర్పిన తెలుగులో.

"భయపడకు బాపు. నువ్వు ఒక్కనివి లేవు."

అంతే. ఆమెన్ అని చేతులు తీశాడు. భీమన్న కళ్లు తెరిచాడు.

"లేస్తనా బిడ్డా?"

"ఆ మాట నాకు రాలేదు బాపు."

వెర్నన్ తల దించుకున్నాడు. భీమన్న కాసేపు వాసాల వైపు చూశాడు. తర్వాత పక్కకు తిరిగి, "గాయిన జెర దగ్గర కూసోమను," అన్నాడు భార్యతో. డేల్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మీ బాపు గడ్డలకెళ్లి చక్కెర తీస్తడట గదా. జగ్గారావు పటేల్ చెప్పిండు. గది గూడ గిట్లనే తియ్యగుంటదా?"

"ఇట్లనే ఉంటది. కలిపి పెడితే ఏది ఏదో చెప్పలేం."

"ఆ! భూమిల ఉన్నా, భూమి మీద ఉన్నా ఒక్కటే తీపా?"

భీమన్న కళ్లలో ఆశ్చర్యం చూసి డేల్ ఇంకా చెప్పాడు. దుంపలు తవ్వేనాటికి ఒక్కోసారి మంచు పడుతుందనీ, మట్టి గట్టిపడి వేళ్లు కొంకర్లు పోతాయనీ అన్నాడు. మంచు ఎట్లుంటదని భీమన్న అడిగాడు. దూది లాగానా, ఉప్పు లాగానా? తొక్కితే సప్పుడైతదా? ఎడ్లు దాంట్లో నడుస్తయా? అతను అడుగుతూనే ఉన్నాడు, డేల్ చెబుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి వెర్నన్ కూడా కలగజేసుకుని, "సప్పుడు... అవుతుంది," అన్నాడు.

మరునాడు నూతి దగ్గర చొక్కాలు ఉతుకుతూ వెర్నన్ అడిగాడు.

"నిన్న నువ్వు ఆ మాట ఎందుకు చెప్పలేదు? నిజం చెప్పు."

"చెప్పనివ్వలేదు."

"ఎవరు?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా," అన్నాడు డేల్. "చెరకు తోటలో నేను వెలుగు కోసం చూశాను, గొంతు కోసం విన్నాను. నిన్న రెండూ లేవు. కానీ నాతో పాటు ఎవరో ఉన్నారు వెర్నన్. ఇది మాత్రం మా అమ్మ చెప్పింది కాదు."

వెర్నన్ చేతుల సబ్బు నురగ కడుక్కున్నాడు. "నాకు ఎప్పుడూ అలా జరగలేదు," అన్నాడు. అతని నోటి నుంచి అలాంటి మాట డేల్ వినడం అదే మొదలు.

ఆ వారం దాటకముందే ఒక మధ్యాహ్నం, ఎడ్లను వాకిట్లోకి తెప్పించుకుని వాటిని చూస్తూ భీమన్న చనిపోయాడు. డప్పుల వెనక పాడెతో పాటు ఇద్దరు పెద్దయ్యలూ కాలువ దాకా నడిచారు. ఊళ్లోవాళ్లు వాళ్లను వింతగా చూశారు గానీ ఎవరూ తప్పుకోమనలేదు.

వేసవి మొదట్లో వాళ్లకు ఇండియాలో ఉండే గడువు అయిపోయింది. బోధన్‌లో ఒక్కరూ మార్మన్లు కాలేదు. జగ్గారావు మాత్రం బీటు విత్తనాలు పంపమని మాట తీసుకున్నాడు. బయలుదేరే రోజు పొద్దున్నే డేల్, వెర్నన్ హన్మవ్వ దగ్గరికి వెళ్లారు. ఆమె ఎడ్లకు కుడితి పెడుతోంది.

"వస్తామవ్వా. నీ కోసం ప్రార్థన చేస్తాను."

"నువ్వెందుకు, నేనే చెప్పుకుంట. మీ దేవునికి తెలుగు ఎరుకేనా?"

డేల్ తడబడ్డాడు. ఇన్ని నెలల్లో అతను ఒంటరిగా ఉన్నప్పుడు తెలుగులో ఒక్కసారీ ప్రార్థించలేదు. ఇంగ్లీషులో దేవుడితో మాట్లాడి, తెలుగులో మనుషులతో మాట్లాడాడు.

"ఎరుకే అవ్వా."

"అయితే ఎట్ల కూసోవాల్నో సూపెట్టు."

వాకిట్లోనే ముగ్గురూ మోకరించారు. హన్మవ్వ కొంగు సర్దుకుని గట్టిగా మొదలుపెట్టింది. ఎర్ర ఎద్దు మేత ముడతలేదనీ, భీమన్నకు చలి ఎక్కువ కనుక ఆ మంచు పడే దిక్కు మాత్రం పంపొద్దనీ, ఈ ఇద్దరు పిల్లలు బక్కగైండ్రనీ, తల్లులు గుర్తుపట్టేటట్టు ఇంటికి చేర్చమనీ అడిగింది. మధ్యలో కోపం వచ్చి దేవుణ్ణి నాలుగు మాటలు కూడా అన్నది. ఆ మాటలు డేల్ ఎప్పుడూ వినలేదు. ఆమె ఆగాక, అతను కళ్లు తెరిచి మెల్లగా అడిగాడు.

"అవ్వా, ఇప్పుడు ఆయన్ని ఏమన్నావు?"

"ఆయనకు సమజైంది తీ," అంటూ హన్మవ్వ లేచి, ఎడ్ల దగ్గరికి పోయింది.