మంచు తీసిన ఫోటో

తాడేపల్లిగూడెం స్టేషన్ రోడ్డులోని కాలేషా స్టూడియోకి కంప్యూటర్ వచ్చి అప్పటికి రెండేళ్లు. కాలేషా చూపు మందగించాక ఫోటోషాప్ పనంతా కూతురు నజ్నీన్‌దే. ఒకప్పుడు ఆయన లెన్సు ముందు రంగు అద్దాలు బిగించి రాబట్టినవన్నీ ఇప్పుడు ఆమె మౌసుతో రాబట్టేది.

2006 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కొల్లేటి లంక నుంచి రామలక్ష్మి అనే ఆవిడ సీడీ పట్టుకుని వచ్చింది.

"మా ఆయనండి, అహరోను. దోనె వేసుకెళ్లి మరి రాలేదు. మూడోనాడు శవం తేలింది. పిట్టల ఫోటోలు తీసుకునే కాలేజీ కుర్రాడొకడు ఆ పొద్దునే ఇది తీశాడంట. జ్ఞాపకార్థ కూడికకి పెద్దది చేయాలండి. బ్లాక్ అండ్ వైట్‌లో, మొహం తెలిసేలా."

తెర మీద అంతా మంచు. మధ్యలో దోనె మీద నిలబడ్డ మనిషి నీడలా ఉన్నాడు.

"మంచైతే ఎర్ర ఫిల్టరు వెయ్యమ్మా," అన్నాడు కాలేషా కుర్చీలోంచి.

నజ్నీన్ ఒక్కో రంగునీ విడిగా పెంచి తగ్గించే ఛానెల్ మిక్సర్ తెరిచి ఎరుపు వందకు పెంచింది. ఆకుపచ్చ, నీలం సున్నా చేసింది. మంచు వెనక్కి తగ్గింది. అహరోను చెంపలు, గెడ పట్టుకున్న వేళ్లు తేటపడ్డాయి. అతని వెనక కిక్కిస పొదల్లో ఇంకో దోనె బయటపడింది. అందులో ఒకడు గొంతుక్కూర్చుని అహరోను వైపే చూస్తున్నాడు.

"ఈయనెవరండీ?"

రామలక్ష్మి బల్ల అంచు పట్టుకుంది.

"మా అన్నయ్య నిత్యానందం. చేపల చెరువులో వాటా దగ్గర ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజు ఏలూరులో ఉన్నానన్నాడండి. శవాన్ని మోసింది కూడా ఆయనే." ఆవిడ తెర మీంచి చూపు తిప్పేసుకుంది. "మంచు మళ్లీ పెట్టేయండమ్మా."

నజ్నీన్ ఎరుపు తీసేసి నీలం పెంచింది. మంచు మునుపటికంటే చిక్కగా కమ్ముకుని పొదల్ని మింగేసింది.

ఆ తర్వాత నజ్నీన్‌కు పని మీద మనసు నిలవలేదు. ఎవరి పెళ్లి ఫోటో తెరిచినా వెనక మసకగా ఉన్నచోట ఎరుపు పెంచి చూసేది. ఒకసారి పెళ్లికూతురి వెనక గోడ మీది చెమ్మ మరక గొంతుక్కూర్చున్న మనిషిలా కనబడితే లేచి రోడ్డు మీదకు వెళ్లిపోయింది.

మూడు వారాలకు రామలక్ష్మి ఆ ఫోటో ఫ్రేము పట్టుకుని మళ్లీ వచ్చింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"ఇందులో మంచు రోజుకింత పలచబడుతోందండి. అన్నయ్య వచ్చి కొవ్వొత్తి వెలిగించినప్పుడల్లా వెనక దోనె కనబడుతోంది. నాకేనా, ఆయనక్కూడానా అని ఆయన మొహం చూస్తున్నాను."

ఫోటోలు అలా మారవని చెప్పబోయింది నజ్నీన్. కానీ చూస్తుండగానే పొదల దగ్గర ఏదో నల్లగా కదిలినట్టయి ఫ్రేమును బల్ల మీద బోర్లించింది.

"మంచంతా తీసేసి ఇవ్వండమ్మా."

ఆమె తీసేసి ప్రింటు ఇచ్చింది.

వారం తర్వాత రామలక్ష్మి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. ప్రింటు ముందు పెట్టగానే నిత్యానందం కుప్పకూలిపోయాడట. తను తొయ్యలేదన్నాడట. దోనె తిరగబడి, వల కాళ్లకు చుట్టుకుని, అహరోను "బావా" అని పిలుస్తుంటే కిక్కిసలో కదలకుండా కూర్చున్నానన్నాడట. పోలీసులకు కూడా తనే వెళ్లి చెప్పాడట. వాళ్లకు కేసు కట్టడానికేమీ దొరకలేదు. నిత్యానందం ఊరు విడిచి వెళ్లిపోయాడట.

"ఎన్నిసార్లు పిలిచాడని అడిగానండి," అంది రామలక్ష్మి. "నాలుగుసార్లంట."

నజ్నీన్ ఫోన్ పెట్టేయలేదు. అవతల ఆవిడ కూడా పెట్టేయలేదు.