ఆడవాళ్ళ వైపు నా మొదటి ఆదివారం

మా తాత పాట అందుకున్నాడంటే ఆపడం పాస్టరుగారి వల్ల కూడా కాదు. ఒక్క నా వల్లే అవుతుంది.

తాత పేరు జకరయ్య. తెనాలిలో రైసుమిల్లులో పనిచేసి చేసి, ఆ మిషన్ల రొదకి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. నాన్న చెవి మిషన్ కొనిచ్చాడు గానీ, చర్చిలో మైకు మోతకి అది కుయ్యిమంటుందని తీసి జేబులో పడేస్తాడు. ఇక పాట ఎక్కడ అయిపోయిందో ఆయనకేం తెలుస్తుంది? అందరూ పుస్తకాలు మూసి కూర్చున్నాక కూడా గొంతెత్తి మళ్ళీ పల్లవి అందుకుంటాడు. అందుకే అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ మగవాళ్ళ వైపు, తాత పక్కన కూర్చోబెట్టింది. పాట అయిపోగానే నేను గిల్లాలి. గిల్లితే తాత ఠక్కున ఆగుతాడు. సండే స్కూలు పిల్లలు నాకు ‘బ్రేకు’ అని పేరు పెట్టారు.

ఆ పేరంటే నాకు ఒళ్ళుమంట. రేపల్లె దగ్గర మా ఊరి చర్చిలో ఆడవాళ్ళంతా ఎడమ వైపు కూర్చుంటారు, మగవాళ్ళు కుడి వైపు. నా ఈడు ఆడపిల్లలు ఎప్పుడో ఎడమ వైపుకి చేరిపోయి, చున్నీలు కప్పుకుని కొత్త ఫ్యాను కింద గుసగుసలాడుకుంటుంటే, నేనొక్కదాన్నే తాత అమృతాంజనం వాసన పీలుస్తూ డ్యూటీ చేసేదాన్ని. ఎప్పుడు పెద్దదాన్నవుతానా, ఎప్పుడు అటు వెళ్తానా అని కాచుక్కూర్చున్నాను.

మొన్న ఆదివారం ఆ రోజు రానే వచ్చింది. పన్నెండేళ్ళు నిండినందుకు బాపట్ల పిన్ని పంపిన కొత్త డ్రెస్సు వేసుకుని, ముందుకు వెళ్ళి కృతజ్ఞత కానుక ఇచ్చాను. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. తిరిగి తాత దగ్గరికి వెళ్తుంటే, స్త్రీల సమాజం పెద్ద కొండమ్మ మామ్మ దారిలోనే నా చెయ్యి పట్టుకుంది.

“ఎటే కెజియా? పన్నెండొచ్చినా ఇంకా మగోళ్ళ మధ్యలో ఏంటి? ముసుగేసుకుని ఇటు కూర్చో.”

“మరి మా తాతండీ?”

“మీ తాతేమన్నా చంటిపిల్లాడా, చంకనేసుకోడానికి? కూర్చో, కూర్చో.”

వెనక బెంచీలోంచి అమ్మ కూడా “ఎప్పటికైనా రావాల్సిందేగా తల్లీ” అని నా చున్నీ తల మీదికి సర్దింది.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు ప్రాణం లేచొచ్చింది. ఇటు కొండమ్మ మామ్మ ఉంటే ఉంది, అటు పక్క నా స్నేహితురాలు బ్లెస్సీ. పైన ఫ్యాను. హమ్మయ్య అనుకుని అలవాటుగా కుడి వైపు చూశాను. నా చోట తాత తన రుమాలు పరిచి ఉంచాడు, బస్సులో సీటుకి వేసినట్టు.

ఇంతలో పాట మొదలైంది. తాతకి ప్రాణమైన పాట. అయ్యో దేవుడా, ఇవాళ అందరూ నవ్వుతారు, ఇక్కణ్ణించి ఎలా గిల్లను అనుకుంటూ కొండమ్మ మామ్మని దాటుకుని బెంచీ చివరికి వచ్చి నిలబడ్డాను. అక్కడ తాత కూడా లేచాడు. పుస్తకం తెరిచాడు. నోరు మాత్రం తెరవలేదు.

మొదటి చరణం అయింది. రెండోదీ అయింది. తాత పెదవులు బిగబట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎందుకో నాకు తెలుసు. పక్కన ఆపేవాళ్ళు లేరు. ఆగకపోతే జనం నవ్వుతారు, పుట్టినరోజు పూట మనవరాలికి తలవంపులు. అందుకని నోరు కట్టేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఆ ఫ్యాను మీద, కొండమ్మ మామ్మ మీద, నా పన్నెండేళ్ళ మీద కూడా. అసలు నన్నెవరు పెరగమన్నారు?

“తాతా!” అన్నాను. వినపడితేగా! చెయ్యి ఊపాను. చూడడే! తాత వెనకున్న ఇస్సాకు బాబాయి గమనించి, భుజం తట్టి నన్ను చూపించాడు. తాత ఇటు తిరిగాడు. పాడమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు. అరచెయ్యి పైకెత్తి, పాట అవగానే ఇలా ఎత్తుతాను, ఆపేద్దువు గానీ అని సైగ చేశాను. మళ్ళీ అడ్డంగా ఊపాడు. మొండిఘటం! నా మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు మరి? నడుం మీద చెయ్యి వేసుకుని కళ్ళెర్రజేశాను.

తాత ఫక్కున నవ్వేశాడు. ఇంకా రెండు చరణాలు మిగిలుండగా, గొంతెత్తి అందుకున్నాడు.

శ్రుతి ఒక దారి, తాళం ఒక దారి. అయితేనేం? ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని ఆ గొంతు విన్నాను గానీ, పాడేటప్పుడు తాత మొహం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. నా చూపెప్పుడూ పుస్తకం మీదే, పాట ఎక్కడ అయిపోతుందా అని. ఇంత దూరం వచ్చాక గానీ కనపడలేదు. ఎంత బావున్నాడో మా తాత! మెడ నరాలు ఉబ్బి, కళ్ళు తడిసి, నన్నే చూస్తూ పాడుతున్నాడు. ఈ మనిషి పక్కన నన్ను ఇన్నాళ్ళు కూర్చోనిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, ఎవరూ చెప్పమనకుండానే.

పాట అయిపోయింది. అందరూ కూర్చున్నారు. తాత నా చేతి వైపే చూస్తూ మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాడు. ముందు బెంచీల్లో కిసుక్కున నవ్వులు.

కొండమ్మ మామ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. “ఏమే, అయిపోయిందిగా! చెయ్యెత్తవేంటే, మీ తాతని ఆపు!”

“ఉండండి మామ్మగారూ, మా తాత ఇంకా పాడుతున్నాడు,” అని నేనూ గొంతెత్తి పల్లవి అందుకున్నాను.