గైడ్ ట్రాక్

"నీకెలాగూ మధ్యాహ్నం ఖాళీయే కదా, గిటారుకి ఆ డిలే పెడల్ ఏదో నువ్వే చూసి తెచ్చెయ్" అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కాలు మడతపెడుతుంటే. "అనలాగ్‌దే కావాలి. మరీ ఖరీదైంది వద్దు. శనివారానికల్లా చేతిలో ఉండాలి."

శనివారం వాళ్ళ ఆఫీసు వార్షికోత్సవం. ఆయనా, ఇంకో ముగ్గురూ కలిసి పెట్టుకున్న బ్యాండు మొదటిసారి స్టేజీ ఎక్కుతోంది. ఇక నా ఖాళీ సంగతి. కళ్ళ ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు రాసే నా ఉద్యోగం ఒంటిగంటకి అయిపోతుంది. ఆ తర్వాత వంట, బట్టలు, అత్తయ్యకి మందులు, కరెంటు బిల్లు క్యూ, ఇవన్నీ ఖాళీ కిందకే వస్తాయి. సరే అన్నాను. ఈ మధ్య సరే అనడానికి నోరు పూర్తిగా తెరవాల్సిన పని కూడా ఉండటం లేదు.

పెళ్ళికి ముందు ఆరేళ్ళు గిటారు వాయించాను. ఆయన నా దగ్గరే నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి నా గిటారు మన గిటారైంది, ఇంకొన్నాళ్ళకి ఆయన గిటారైంది. తీగలు మార్చడం, శ్రుతి చెయ్యడం మాత్రం నాకే మిగిలాయి. నీ చెవి మంచిదోయ్ అంటాడు, అదేదో పెద్ద బహుమానం ఇచ్చినట్టు.

పోయినేడాది బ్యాండువాళ్ళు నాలుగు పాటలు రికార్డు చేసుకున్నారు. ఎవరింట్లో వాళ్ళు వాయించి పంపితే డ్రమ్ములాయన అన్నీ కలిపాడు. మా ఆయన రెండు ఆదివారాలు తలుపేసుకుని కుస్తీ పట్టాడు. తాళం నిలవడం లేదు. "నువ్వోసారి వాయించిపెట్టు, గైడ్ ట్రాక్‌లా ఉంటుంది. దాన్ని వింటూ నేను వాయిస్తా, తర్వాత నీది తీసేద్దాం" అన్నాడు. గైడ్ ట్రాక్ అంటే దారి చూపించడానికి ముందుగా వేసే నమూనా. అసలుది రాగానే దాన్ని చెరిపేస్తారు. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి నాలుగు పాటలూ వాయించేశాను. అసలుది రానే లేదు. నాదే వెళ్ళింది, ఆయన పేరుతో.

మొదట్లో ఆయనకి కాస్త మొహమాటంగానే ఉండేది. పాట మోగితే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళేవాడు. రానురాను "రెండో పాటలో ఆ మలుపు ఎలా తిప్పానో విను" అనడం మొదలుపెట్టాడు. అబద్ధం చెప్తున్న మొహం కాదది. నిజంగానే అలా గుర్తుండిపోయింది ఆయనకి. నేనూ బాగుందన్నాను. అత్తయ్య రోజూ భోజనం అయ్యాక ఆ పాటలే ఫోన్‌లో పెట్టుకుని నడుం వాలుస్తారు. వచ్చినవాళ్ళందరికీ వినిపిస్తారు. "ఆఫీసు చాకిరీతో కూడా మావాడు ఎంత బాగా వాయించాడో చూడు. మనసుండాలమ్మా, తీరిక అదే దొరుకుతుంది" అని నాతో అంటారు. నేను గిన్నెలు తుడుస్తూ వింటాను. కోపం రావాలి, రాదు. పంటికి మత్తు సూది వేశాక పెదవి ఉందో లేదో వేలితో ముట్టుకుని చూసుకుంటాం కదా, నన్ను నేను అలాగే చూసుకునేదాన్ని.

బుధవారం వాద్యాల కొట్టుకి వెళ్ళాను. "ఎవరికమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మా ఆయనకి."

"ఆయన్నే రమ్మనాల్సింది. ఇది వాయించే చేతిని బట్టి ఉంటుంది."

"నేను చూస్తాలెండి" అన్నాను. ఆయన మూడు పెడళ్ళు తీసి బల్ల మీద పెట్టి, ఓ గిటారు చేతికిచ్చాడు.

డిలే పెడల్ చేసే పని చిన్నదే. మనం మీటిన స్వరాన్ని పట్టుకుని, కాసేపాగి మళ్ళీ వినిపిస్తుంది. అనలాగ్‌దైతే తిరిగొచ్చిన ప్రతిసారీ స్వరం కాస్త మసకబారుతుంది, మెత్తబడుతుంది. మొదటిది అన్నిటికన్నా చవక, కానీ రెండోసారి తిరిగొచ్చేసరికే అంతా కలగాపులగం. రెండోదాంట్లో స్వరం వెంటనే తిరిగొచ్చి, మీటిన స్వరానికే అతుక్కుంటుంది. వాయించేవాడు కాస్త తడబడినా పైకి తెలియదు. మా ఆయనకి సరిగ్గా అదే కావాలి. సన్నతీగలు, మీటడానికి మెత్తటి పిక్కులు, ఇన్నేళ్ళూ ఆయన వేళ్ళకి ఏది సులువో అదే వెతికి తెచ్చాను. ఆ రెండోదాన్నే కట్టించెయ్యబోయి, ఊరికే మూడోది కూడా పెట్టి చూశాను. ఎవరో వాడి అమ్మేసింది, మూత నిండా గీతలు, అందుకే తక్కువ ధరకి వస్తోంది. దాంట్లో స్వరం తాపీగా, ఒకదాని వెనక ఒకటి, మూడుసార్లు తిరిగొచ్చింది. తాళంలో ఉంటే మనతోపాటు ఇంకొకరు వాయిస్తున్నట్టుంటుంది. తప్పితే ఆ తప్పు కూడా మూడుసార్లు వినాల్సిందే.

ఎంతసేపు వాయించానో తెలీదు. తల ఎత్తేసరికి కొట్టాయన బేరానికొచ్చిన ఇద్దర్ని పక్కన నిలబెట్టి వింటున్నాడు. "మీ ఆయన సంగతి నాకు తెలీదు గానీ, ఇది మీ చేతికి కుదిరిందమ్మా" అన్నాడు. చెప్పుల కొట్టులో తప్ప నాకేదైనా కుదిరిందని ఎవరూ అనగా వినలేదు. మూడోదే కొన్నాను. కక్షతో కాదు. నచ్చింది. నచ్చడమనేది జరిగి చాలా రోజులైంది కాబట్టి పోల్చుకోడానికి కాస్త టైము పట్టింది.

గురువారం ఆఫీసు నుంచి రాగానే మా ఆయన దాన్ని తగిలించి, రెండో పాట ఎత్తుకున్నాడు. అత్తయ్య ఎదురుగా కూర్చున్నారు, నేను పక్కన బఠానీలు ఒలుస్తున్నాను. నాలుగో స్వరం దగ్గర తడబడ్డాడు. ఆ తడబాటు మూడుసార్లు గదంతా తిరిగింది. పెడల్ మీటలు అటూ ఇటూ తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా ముందే తప్పాడు.

"పాడైంది అంటగట్టారు నీకు" అన్నాడు.

"పెడల్ బాగానే ఉందండీ."

"బాగుంటే ఇలా ఎందుకొస్తుంది? ఇదే పాట రికార్డింగులో ఎంత శుభ్రంగా వాయించాను."

"అవును, రోజూ వింటున్నాగా" అన్నారు అత్తయ్య.

"రికార్డింగులో వాయించింది నేను" అన్నాను. గొంతు పెంచలేదు. ఆసుపత్రిలో తర్వాతి నంబరు పిలిచినట్టే అన్నాను. చేతిలో బఠానీలు రాలుతూనే ఉన్నాయి.

ఆయన గిటారు వైపు చూశాడు. మర్చిపోయినదేదో మెల్లగా గుర్తుకొస్తున్నట్టు చెవులు ఎర్రబడ్డాయి. "అది ఉత్త గైడ్ ట్రాక్" అన్నాడు.

"తీసెయ్యలేదుగా."

అత్తయ్య నా వైపు తిరిగారు. "అయితే ఇన్నాళ్ళూ నేను విన్నది నిన్నా?"

"నన్నే అత్తయ్యా."

"మరి చెప్పవేం?" అన్నారు విసుగ్గా. మెచ్చుకోలేదు. కానీ అడిగింది నన్ను. ఇన్నాళ్ళూ తెలియని నొప్పి అప్పుడు తెలిసింది. మత్తు దిగుతుంటే ముందు నొప్పే వస్తుంది.

"సరే, అదంతా తర్వాత" అన్నాడు మా ఆయన. "రేపు దీన్ని మార్చి, నా చేతికి తగ్గది పట్రా. శనివారం పరువు పోతుంది."

"మార్చను. ఇది నాకు కొనుక్కున్నాను" అని పెడల్ తీగ ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "శనివారం మీవాళ్ళకి రికార్డింగులో ఉన్న గిటారే కావాలంటే, నాకు ఫోన్ చేసి అడగమనండి."