సిమెంట్ లారీకి ఎదురుకోలు

సిమెంట్ వస్తోందన్న మాట మా సందులోకి వచ్చేసరికి నేను మా అత్త ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె నా జడ అల్లుతోంది. పెళ్లయి నెల కూడా కాలేదు. ఆ రోజుల్లో నాకు అన్నీ ముద్దొచ్చేవి. తీగ మీద నా గౌను పక్కన మా ఆయన ఇస్సాం చొక్కా ఆరుతుంటే ఊరికే చూస్తూ నిలబడేదాన్ని. టీలో అతను నాకు తెలియకుండా రెండో చెంచా పంచదార వేస్తే రోజంతా నవ్వుకునేదాన్ని.

ఇస్సాం నారింజ తోట నుంచి పరుగెత్తుకొచ్చాడు. బురద చెప్పులతోనే లోపలికొచ్చేశాడు.

"అమ్మా! సిమెంట్ లారీ వస్తోంది! చెక్‌పోస్టులో సైన్యం ఆపలేదు!"

"జోకులు చాల్లే. చెప్పులు బయట విడువు."

"నీమీదొట్టు. క్యాంపు కమిటీ అబూ వలీద్ చెప్పాడు. అరబ్బు దేశాల మంత్రులందరూ మన క్యాంపు చూడటానికి వస్తున్నారంట. అందుకని అనుమతిచ్చారు."

"మంత్రులా? పాపం, ఇన్నేళ్లకి దారి దొరికిందా వాళ్లకి?" అంది అత్త. అంటూనే నా జడ సగంలో వదిలేసి లేచింది.

మా క్యాంపులోకి సిమెంట్ రాకూడదు. ఇనుము రాకూడదు. రేకు కూడా రాకూడదు. మేం పాలస్తీనా వాళ్లం. మా ఇళ్లు గట్టిగా ఉంటే మేం ఇక్కడే పాతుకుపోతామని ఈ దేశపు ప్రభుత్వానికి భయం. ఆ భయానికి వాళ్లు పెట్టిన పేరు సౌభ్రాతృత్వం. ఇంజినీరింగ్ చదివిన ఇస్సాం ఇక్కడ ఇంజినీరుగా పనిచేయకూడదు, నారింజలు కోయొచ్చు. నర్సు చదువు చదివిన నేను వాళ్ల ఆసుపత్రిలో సూది వేయకూడదు, నేల తుడవొచ్చు.

మాకు రెండే గదులు. కొడుక్కి పెళ్లి చేస్తే కారని గది కొత్త జంటకివ్వాలి, అది మా ఆచారం. అత్తా మామా రెండో గదికి మారారు. ఆ గది కప్పులో తుప్పు పట్టిన ఊచలు పక్కటెముకల్లా బయటికొచ్చాయి. ఇస్సాం దాని కింద ఒక కర్రను ఆసరాగా నిలబెట్టాడు. అత్త ఆ కర్రకి మేకులు కొట్టి ఉల్లిపాయల జడలు వేలాడదీసుకుంది.

లారీ క్యాంపు వాకిట్లోకి వచ్చేసరికి జనం పెళ్లికొడుక్కి ఎదురువెళ్లినట్టు ఎదురువెళ్లారు. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కేరింతలు కొట్టారు. బియ్యమూ ఉప్పూ చల్లారు. డఫ్ వాయించారు. లారీ డ్రైవరు హసన్ ఈ దేశం వాడే, బీదవాడు. తల మీద బియ్యం దులుపుకుంటూ తెల్లబోయాడు.

"అమ్మా, నాకు పెళ్లయిపోయింది," అన్నాడు.

"అయితే టీ తాగు," అంది మా అత్త గ్లాసు చేతిలో పెడుతూ. "పెళ్లయినవాడి మొహం తెలుస్తూనే ఉంది."

మగవాళ్లు కూలి అడక్కుండా బస్తాలు దించారు. ఇస్సాం భుజాలు తెల్లబడ్డాయి. నాకైతే అప్పటికే మా ఇంటి మీద కొత్త కప్పూ, దాని మీద నేను కూరకని ఆరబెట్టే ముల్లూఖియా ఆకులూ కనిపిస్తున్నాయి.

అప్పుడు కాంట్రాక్టరు కారు దిగాడు.

"అన్నీ గేటు దగ్గరే పెట్టండి. ఒక్క బస్తా లోపలికి పోకూడదు."

"మరి ఇళ్లకి?" అన్నాడు ఇస్సాం.

"ఇళ్లకని ఎవరు చెప్పారయ్యా? ఇది స్వాగత ద్వారానికి. మంత్రులు దాని కిందనుంచి నడుస్తారు. పైన పెద్ద అక్షరాలతో రాస్తాం. 'పాలస్తీనా మా గుండెల్లో ఉంది'."

డఫ్ ఆగిపోయింది. మా అత్త ముందుకొచ్చింది.

"గుండెల్లో చోటు ఎవరడిగారు నాయనా? నెత్తి మీద కప్పు అడిగాం."

కాంట్రాక్టరు వెనకే కారు దిగిన సైన్యాధికారి ఓపిగ్గా చెప్పాడు. "పక్కా ఇళ్లుంటే మీరు మీ ఊళ్లు మర్చిపోతారమ్మా. తిరిగి వెళ్లే హక్కు పోతుంది. ఇదంతా మీ కోసమే."

మా మామ అబూ ఇస్సాం వలలు బాగుచేసేవాడు. పాలస్తీనాలో గలిలయ కొండల్లోని సుహ్‌మాతా ఊరి నుంచి తరిమేస్తే తల్లి చంకలో ఈ దేశానికొచ్చాడు. మా సందుకి ఆ ఊరి పేరే.

"బాబూ, మీరుండేది కాంక్రీటు ఇల్లేగా?" అన్నాడు. "మీ ఊరి పేరు మర్చిపోయారా?"

జనం గొల్లుమన్నారు. అధికారి నవ్వలేదు.

ద్వారం లేవడం మొదలైంది. వాన కూడా మొదలైంది. మా వాళ్లే కూలికి వెళ్లి ఆ స్తంభాలకు సిమెంట్ కలిపారు. మిగిలిన బస్తాలు టార్పాలిన్ కింద, సిపాయి కాపలాలో.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నేను మా పొడి గదిలో దిండు గలీబు మీద మా ఇద్దరి పేర్లు కుడుతూ పాడుకుంటున్నాను. అవతలి గదిలో అత్త పిండి కలుపుతూ, నేను తప్పు పాడిన చరణం దిద్దుతోంది.

"అలా కాదే పిల్లా, గొంతు కాస్త..."

ఆ మాట పూర్తి కాలేదు.

సందంతా వచ్చి కూలిన కప్పును చేతులతో తవ్వింది. ఉల్లిపాయలు దొరికాయి. విరిగిన కర్ర దొరికింది. తర్వాత ఆమె చెయ్యి దొరికింది, వేళ్లకి తడి పిండితో. నాడి చూశాను. నేను చదివిన చదువంతా అంతవరకే పనికొచ్చింది. ఇస్సాం ఆ కర్ర ముక్క పట్టుకుని, ఎవరు పలకరించినా ఒకటే మాట, "ఆసరా పెట్టానుగా... పెట్టానుగా..."

ఆడవాళ్లతో పాటు నేనూ ఆమెకి ఆఖరి స్నానం చేయించాను. జుట్టులోంచి ఆ కప్పు పొడి ఎంత కడిగినా వదల్లేదు. మాకిచ్చిన గది పొడిగానే ఉంది. నాకు దాంట్లోకి వెళ్లబుద్ధి కాలేదు.

మరునాడు పాడె మోసుకుంటూ గేటు దగ్గరికొచ్చాం. ద్వారం మీద పెయింటరు చివరి అక్షరాలు దిద్దుతున్నాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపే మంత్రుల రాక. ఇక్కడ గుంపు వద్దు. మురికికాలవ పక్క దారిన తీసుకెళ్లండి."

మోసేవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాడె దించారు, సరిగ్గా ఆ ద్వారం కింద. వెనక ఉన్న జనమంతా కూర్చున్నారు.

"లేవండి, నా మాట వినండి," బతిమాలాడు కమిటీ అబూ వలీద్. "రేపు మంత్రులకి మెల్లగా చెప్పుకుందాం. ప్రభుత్వంతో గొడవ పెట్టుకుంటే ఉన్నదీ పోతుంది."

"ఏముంది పోవడానికి?" రొట్టెలు కాల్చే ఉమ్ జుహైర్ అరిచింది. "మనల్ని తరిమింది శత్రువు. వాడి పని వాడు చేశాడు. మరి ఈ అన్నదమ్ములో? మన పేరు చెప్పి సింహాసనాలు కాపాడుకున్నారు. మన పేరు చెప్పి వాళ్ల పిల్లల్నే జైళ్లలో వేశారు. మనకేమో చుట్టూ తీగ వేశారు. మన దుఃఖం వాళ్లకి మైకులో బాగుంటుందమ్మా!"

"నా ఇంటి కప్పూ ఇంతే," అని ఎవరో అన్నారు. చూస్తే డ్రైవరు హసన్. ఆమె ఇచ్చిన టీ తాగినందుకు పాడె వెంట వచ్చాడు. "నేను ఈ దేశం వాణ్నే. నాకూ ఎవడూ సిమెంట్ ఇవ్వలేదు. ఆ బస్తాలు తెచ్చింది నేను. మీ సందు దాకా తెమ్మంటే తెస్తాను."

"జైలుకి పోతావ్," అన్నాడు అధికారి.

"ఒక్కణ్నయితే పోతాను," అన్నాడు హసన్.

నేను లేచాను. ఇస్సాం చెయ్యి పట్టుకుని అతన్నీ లేపాను. మా వెనక సుహ్‌మాతా సందు లేచింది. ఆ వెనక పక్క సందు. సిపాయి తుపాకి దించలేదు, ఎత్తనూ లేదు.

మాలో ఇంటికి కప్పు పోయడం ఒక్కరి పని కాదు. ఇంటివాడు ముందురోజే అందర్నీ పిలుస్తాడు. కూలి ఉండదు, చేతి నుంచి చేతికి బకెట్లు అందుతాయి. పిలుపు అందితే పగవాడైనా రావాలి. మా మామ తల గుడ్డ సరిచేసుకుని పాడె పక్కన నిలబడటం చూడగానే నాకు అర్థమైంది, పిలవబోతున్నాడని.

"నీకు మతి పోయిందా?" అన్నాడు అబూ వలీద్. "మూడు రోజుల పరామర్శ కూడా కాకుండా కప్పు పోస్తావా?"

"పరామర్శకొచ్చేవాళ్లని ఎక్కడ కూర్చోబెట్టను అబూ వలీద్? కప్పు లేదుగా."

ఆయన జనం వైపు తిరిగాడు.

"ముందు దీన్ని ఈ దారినే తీసుకెళ్లి పడుకోబెడదాం. రేపు పొద్దున, మంత్రులొచ్చే వేళకి, మా ఇంటి కప్పు పోత. ఈ బస్తాలతోనే. ఇస్సాం కొలతలు చూస్తాడు, హసన్ లారీ తెస్తాడు. ఆడవాళ్లు, మగవాళ్లు, అందరూ బకెట్లతో రావాలి." అధికారి వైపు తిరిగాడు. "బాబూ, మిమ్మల్నీ పిలిచాను. మంత్రులకీ నా మాటగా చెప్పండి. ఖాళీ చేతులతో మాత్రం రావద్దనండి."