అటూ ఇటూ చూసి

తప్పంతా ఆవిడకున్న శుభ్రం పిచ్చిదే. ఎవరైనా చిత్తుకాగితం నేల మీద పారేస్తే కొంపలంటుకున్నట్టు కేకలు వేసే మనిషి మరి! ఆ పిచ్చే లేకపోతే ఖాళీ బిస్కెట్ కవరును మడతపెట్టి చేతిసంచిలో పెట్టుకునేదా? సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర నలుగురిలో దొరికిపోయేదా?

ఆవిడ కోర్టులో టైపిస్టు. అందరూ టైపిస్టమ్మ అంటారు. ఇరవయ్యారేళ్ళుగా సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టడమే పని. ఆ రోజు సెలవు. పొద్దున్నే షుగరు మాత్ర మింగి, తిండి సంగతి తిరిగొచ్చాక చూసుకుందాంలే అని సబ్బులూ బల్బులూ కొనడానికి బయలుదేరింది. తిండి మానేసి మాత్ర మింగితే ఊరుకుంటుందా ఒళ్ళు? సబ్బుల వరుసలో ఉండగా చేతులు వణికాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. పక్క వరుసలోని బిస్కెట్ ప్యాకెట్ అందుకుని, చింపి, నిలబడ్డ చోటే నాలుగు తినేసింది. బిల్లు దగ్గర చెప్పి డబ్బిచ్చేద్దామనుకుంది. తల ఇంకా దిమ్ముగానే ఉంది. బిల్లు దగ్గర సబ్బులు గుర్తున్నాయి, బల్బులు గుర్తున్నాయి, కవరు మాత్రం గుర్తు లేదు.

"సంచి ఒకసారి తెరవండి అక్కా," అంది గుమ్మం దగ్గరి గార్డు.

తెరిచింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

మేనేజరు గదిలో కుర్చీ చూపించారు. మేనేజరు కుర్రాడే, కొడుకు ఈడు. సంచిలో ఆవిడ గుర్తింపు కార్డు చూసి, "కోర్టులో పనిచేస్తూ ఇదేం పనమ్మా? కంచే చేను మేస్తే ఎలా?" అన్నాడు.

"బాబూ, షుగర్ పడిపోయింది. మర్చిపోయాను. ఇప్పుడే ఇచ్చేస్తాను..."

"దొరికాక అందరూ అదే మాటమ్మా." ఒక కాగితం ముందుకు తోశాడు. "ఇందులో సంతకం పెట్టండి, వదిలేస్తాం. లేదంటే పోలీసులకు ఫోన్ చేస్తాను. మీ ఇష్టం."

నేను దొంగతనం చేశాను, క్షమించండి, అని అచ్చు వేసి ఉంది. కింద గీత. అలాంటి కాగితాలు కోర్టుకు రావడం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో! భయంతో పెట్టిన సంతకాలన్నీ వంకరగానే ఉండేవి. పెడితే ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే కేసు. కేసంటే ఉద్యోగంలోంచి పక్కన పెడతారు. తేలేదాకా జీతం సగం. కేసులు ఎన్నాళ్ళకు తేలుతాయో ఆవిడకన్నా బాగా ఎవరికి తెలుసు! పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది. ఇంట్లో మంచం దిగలేని మొగుడు. నర్సింగు రెండో ఏడాది చదువుతున్న కూతురు. నాలుగు బిస్కెట్లకు ఇంత సంసారమూ కూలిపోతుందా? అమ్మో, ఏం చేసేది!

వకీళ్ళ వాదనలన్నీ చెవుల్లో మోగుతున్నాయి. తిన్నది కాదు ముఖ్యం, డబ్బు ఇవ్వకూడదని తిన్నాడా లేదా అన్నదే ముఖ్యం, అంటారు వాళ్ళు. కవరు సరుకుల బుట్టలో ఉంటే బిల్లు కోసం ఉంచినట్టు, సంచిలో ఉంటే దాచినట్టు. బుట్టకూ సంచికీ మధ్య జానెడు దూరం లేదు.

"కెమెరాలో చూపించు బాబూ. నేను దాచలేదు."

చూపించాడు. తెర మీద ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె కవరు పట్టుకుని నిలబడింది. అటు చూసింది. ఇటు చూసింది. చటుక్కున సంచిలో పెట్టేసింది.

ఆవిడకు సాక్షుల మాట గుర్తొచ్చింది. అటూ ఇటూ చూసి సంచిలో పెట్టుకున్నాడండీ! ఈ మాట ఎన్ని వందలసార్లు కొట్టి ఉంటుంది? సాక్షి నోరు తెరవగానే ఆవిడ వేళ్ళు ముందే పూర్తి చేసేసేవి. తెర మీది మనిషి తను కాకపోతే, ఇదిగో దొంగ అని తనే అనేసేది.

"ఇంకాస్త వెనక్కి తిప్పు నాయనా. నీకు దణ్ణం పెడతాను."

విసుక్కుంటూనే తిప్పాడు. ఆమె అలమార పట్టుకుని తూలింది. అందరి ఎదుటా తింది. కొంగుతో చెమట తుడుచుకుంది. స్తంభం దాకా నడిచి, అక్కడ ఖాళీగా ఉన్న నేలకేసి చూసింది. తరవాతే అటూ ఇటూ చూసింది.

తలుపు దగ్గరున్న గార్డు గొంతు సవరించుకుంది. "సార్, ఆ స్తంభం దగ్గరి చెత్తబుట్ట పొద్దున పగిలిపోతే నేనే తీసేశాను. అక్క దాని కోసమే వెతికినట్టుంది."

మేనేజరు ఆ ముక్క ఇంకోసారి తిప్పి చూశాడు. చివరికి కాగితం సొరుగులో వేసుకుని, "బిస్కెట్లకు బిల్లు కట్టి వెళ్ళండి," అన్నాడు. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది ఆవిడ. ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజులు గడిచాయి. కోర్టులో ఒక కేసు పిలిచారు. ముద్దాయి మూటలు మోసే మనిషి. దుకాణంలో బన్ను తిని, కవరు చొక్కా జేబులో పెట్టుకున్నాడట. సాక్షిగా బోనెక్కినవాడు ఆ దుకాణం గార్డు.

"అటూ ఇటూ చూసి జేబులో పెట్టుకున్నాడండీ."

ఆవిడ వేళ్ళు 'అటూ' దగ్గరే ఆగిపోయాయి.

"ఏమ్మా, ఆపేశారేం?" అన్నారు జడ్జిగారు.

టైపిస్టుకు కోర్టులో నోరుండదు. ఇరవయ్యారేళ్ళలో దగ్గు తప్ప ఆవిడ గొంతు ఆ హాల్లో ఎవరూ వినలేదు. లేచి నిలబడింది. ఆ రోజు నిలబెట్టుకున్న ఉద్యోగాన్ని ఈ రోజు చేతులారా పోగొట్టుకుంటున్నాననిపించింది. కూర్చోవే పిచ్చిదానా, అని మనసు మొత్తుకుంటోంది. అయినా మాట వచ్చేసింది.

"అయ్యా... అక్కడ చెత్తబుట్ట ఉందో లేదో ఈయన్ని అడిగించండి."

గుమాస్తా నోరు వెళ్ళబెట్టాడు. ముద్దాయి తలెత్తి మొదటిసారి ఆవిడ వైపు చూశాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆవిడ మొహంలోకి చూశారు. తరవాత బోను వైపు తిరిగారు.

"చెప్పవయ్యా. ఉందా చెత్తబుట్ట?"

గార్డు అటూ ఇటూ చూశాడు.

ఆవిడ కూర్చుని, వేళ్ళు మీటల మీద పెట్టి, అతని జవాబు కోసం ఎదురుచూసింది.